లక్నోలో రాసింది, వికారాబాద్ పట్టాల మీద తేలింది

తెలుగు నేల మీద జరిగిన రైలు ప్రమాదాల చరిత్రలో అక్టోబరు 29 రెండుసార్లు కనిపిస్తుంది. 2005లో ఆ రోజు తెల్లవారుజామున రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజర్ వలిగొండ దగ్గర వాగులో పడింది. కుండపోత వానకు ఎగువన చెరువు తెగింది. ఆ నీటి ఉరవడికి చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. వందమందికి పైగా చనిపోయారు. సరిగ్గా పద్దెనిమిదేళ్లకు, 2023లో అదే తేదీ సాయంత్రం విజయనగరం జిల్లా కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య పలాస ప్యాసింజర్‌ను రాయగడ ప్యాసింజర్ వెనక నుంచి ఢీకొట్టింది. 14 మంది ప్రాణాలు పోయాయి.

మొదటిది వరద తెచ్చిన విషాదం, రెండోది సిగ్నల్ దగ్గర జరిగిన తప్పు. పైకి చూస్తే ఒకదానితో ఒకటికి పొంతన లేదు. కానీ ఈ రెండు ప్రమాదాల వెనక ఉన్న ప్రశ్నలు రెండూ ఎన్నో ఏళ్లుగా ఒకే కార్యాలయం బల్లమీద ఉన్నాయి. చిన్న వంతెన కింద నుంచి ఎంత నీరు పోతుందని లెక్క కట్టాలి? లోకో పైలట్ ఎర్ర సిగ్నల్ దాటిపోతే రైలును తనంతట తానే ఆపే ఏర్పాటు ఎలా ఉండాలి? ఆ కార్యాలయం పేరు పరిశోధన, నమూనాలు, ప్రమాణాల సంస్థ. రైల్వేలో అందరూ ఆర్‌డీఎస్‌ఓ అనే అంటారు. లక్నోలోని మానక్ నగర్‌లో ఉంటుంది. హిందీలో మానక్ అంటే ప్రమాణం. ఆ పేటకు సంస్థ పని పేరే వచ్చింది.

రెండు ప్రశ్నల మీదా అక్కడ పరిశోధన జరిగింది, జవాబులూ దొరికాయి. అయినా వలిగొండ ఆగలేదు, కంటకాపల్లి ఆగలేదు. ప్రభుత్వ రవాణా సంస్థ చేసే పరిశోధనను అంచనా వేయాలంటే ప్రయోగశాలలో ఏం కనిపెట్టారని అడిగితే సరిపోదు. కనిపెట్టింది కాగితం మీద నుంచి పట్టాల మీదికి ఎన్నేళ్లకు చేరింది, ఎంత దూరం చేరింది, దారిలో ఏది వదిలేసింది అని కూడా అడగాలి.

కొలిచే అలవాటు ఎక్కడ మొదలైంది

భారత రైల్వేలకు సొంత ప్రమాణాల కోసం 1930లో కేంద్ర ప్రమాణాల కార్యాలయం ఏర్పడింది. అంతకుముందు ఇంజన్లు, పెట్టెలు, వంతెన దూలాలు ఎక్కువగా బ్రిటన్ కొలతలతోనే వచ్చేవి. 1952లో లక్నోలో రైల్వే పరీక్షా పరిశోధనా కేంద్రం పెట్టారు. 1957లో ఈ రెంటినీ కలిపితే ఆర్‌డీఎస్‌ఓ అయింది. 2003లో దానికి జోనల్ రైల్వే హోదా దక్కింది.

ఈ తేదీల కన్నా ముఖ్యమైనది 1937 జూలైలో బీహార్‌లోని బిహ్టా దగ్గర జరిగిన ప్రమాదం. అక్కడ ఒక ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి వందమందికి పైగా మరణించారు. దాన్ని లాగుతున్నది ఎక్స్‌బీ తరగతి ఆవిరి ఇంజను, భారత రైల్వేల కోసమే ప్రామాణికంగా తీర్చిన నమూనా. వేగం పెరిగినప్పుడు ఈ తరగతి ఇంజన్లు పట్టాల మీద అటూ ఇటూ ఊగేవి. ఆ ఊపు పట్టాలను పక్కకు నెట్టేది. పట్టాలు కదిలితే ఊపు ఇంకా పెరిగేది. ఇంజనుది తప్పా, పట్టాలది తప్పా అన్న వాదన అప్పట్లో పెద్ద ఎత్తున నడిచింది. విచారణల తర్వాత తేలింది ఏమిటంటే, రెండింటినీ విడివిడిగా చూసినంతకాలం జవాబు దొరకదు. ఇంజను, పట్టాలు, కంకర కలిసి ఒకే యంత్రంలా ప్రవర్తిస్తాయి.

ఈ గ్రహింపు నుంచే ఊగిసలాట పరీక్షలు వచ్చాయి. రైల్వేలో వీటిని ఆసిలేషన్ ట్రయల్స్ అంటారు. దేశంలో కొత్త పెట్టె గానీ కొత్త ఇంజను గానీ ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలంటే ఈ పరీక్ష దాటాలి. పెట్టె నేల మీద, కింద చక్రాలను పట్టి ఉంచే చట్రాల మీద యంత్రాలు బిగిస్తారు. పక్కకు ఎంత ఊగింది, పైకీ కిందకీ ఎంత అదిరింది, చక్రం పట్టా మీద ఎంత బలం మోపింది, ఏ క్షణంలో ఎంత తేలిపోయింది, అన్నీ నమోదవుతాయి. సీట్ల మీద మనుషుల బదులు ఇసుక బస్తాలు పేరుస్తారు. ఒకే దారిలో ఖాళీగా, నిండుగా, వేగం మెట్టు మెట్టుగా పెంచుతూ మళ్లీ మళ్లీ నడుపుతారు. చెన్నైలోని పెట్టెల కర్మాగారంలో 2018లో తయారైన తొలి వందే భారత్ కోటా పరిసరాల్లో గంటకు 180 కిలోమీటర్ల వేగం అందుకున్నప్పుడు పత్రికల్లో వేగం అంకే పెద్దగా కనిపించింది. ఆ బండిలో కూర్చున్న ఆర్‌డీఎస్‌ఓ ఇంజనీర్లకు మాత్రం వేగం కన్నా ఊపు గీతలు ముఖ్యం.

రాజధాని ఎక్స్‌ప్రెస్ కథ కూడా ఇదే దారిలో నడిచింది. 1960ల మొదట్లో దేశంలో రైళ్ల గరిష్ఠ వేగం గంటకు 96 కిలోమీటర్లు, అంటే 60 మైళ్లు. దాన్ని 120 చేయాలంటే పాత పట్టాలన్నీ తీసి కొత్తవి వేయాలని అనుకోవడం సహజం. పేద దేశానికి అది అయ్యే పని కాదు. 1962లో ఆర్‌డీఎస్‌ఓ అధ్యయనం మొదలుపెట్టింది, 1967లో పట్టాల మీద పరీక్షలకు దిగింది. ఉన్న పట్టాలను మంచి స్థితిలో ఉంచి, ఎంపిక చేసిన చోట్ల అదనపు మరమ్మతులు చేస్తే 120 సాధ్యమేనని తేలింది. 1969 మార్చి 1న హౌరా, న్యూఢిల్లీల మధ్య రాజధాని ఆ వేగంతో పరుగు తీసింది. దేనికి ఖర్చు పెట్టాలో చెప్పడం పరిశోధనలో సగం పని. దేనికి పెట్టక్కర్లేదో ధైర్యంగా చెప్పడం మిగతా సగం. రెండో సగానికి పేరు రాదు, శిలాఫలకం ఉండదు. కానీ దేశం ఆదా చేసుకున్నది అక్కడే.

సరుకు బండ్ల సంగతీ అంతే. బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్లు, సిమెంటు కాంక్రీటు స్లీపర్లు, పొడవుగా అతికిన పట్టాలు, ఇరుసు మీద ఎన్ని టన్నులు పెట్టవచ్చన్న లెక్కలు, ఇవన్నీ ఆ ఇంటినుంచి వచ్చినవే. సింగరేణి బొగ్గుతో వెళ్లే ఒక వ్యాగన్ల వరసను నిలబడి చూస్తే, దాదాపు ప్రతి భాగం వెనకా ఆర్‌డీఎస్‌ఓ గీసిన డ్రాయింగు నంబరు ఒకటి ఉంటుంది.

వరద లెక్క, చెరువు లెక్క

వంతెన కట్టే ఇంజనీరు మొదట అడిగేది, ఈ వాగులో ఎంత నీరు వస్తుంది అని. గోదావరి, కృష్ణ లాంటి పెద్ద నదులకు దశాబ్దాల కొలతలు ఉన్నాయి. చిన్న వాగులకు ఏమీ ఉండవు. రైలు మార్గాల మీద ఎక్కువ వంతెనలు ఈ చిన్న వాగుల మీదే.

1956 సెప్టెంబరు 2న మహబూబ్‌నగర్, జడ్చర్ల మధ్య వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. అదే సంవత్సరం నవంబరులో తమిళనాడులోని అరియలూరు ప్రమాదం తర్వాత రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా చేశారు. ఆ మరుసటి ఏడాది ఎ.ఎన్.ఖోస్లా అధ్యక్షతన ఇంజనీర్ల కమిటీ ఏర్పడింది. వాన, నేల, వాలు ఒకేలా ఉండే ప్రాంతాలుగా దేశాన్ని విడదీసి, ఒక్కో ప్రాంతానికి ఒక్కో వరద సూత్రం తయారు చేయాలని చెప్పింది. అలా 26 ఉపమండలాలు వచ్చాయి. తెలుగు ప్రాంతాల్లో ఎక్కువ భాగం దిగువ గోదావరి, కృష్ణా–పెన్నా ఉపమండలాల్లోకి వస్తుంది. ఎంపిక చేసిన చిన్న రైలు వంతెనల దగ్గర ఆర్‌డీఎస్‌ఓ మార్గదర్శకత్వంలో జోనల్ రైల్వేలు ఏళ్ల తరబడి నీటిమట్టాలు కొలిచాయి. వాతావరణ శాఖ వానల లెక్క ఇచ్చింది, కేంద్ర జలసంఘం విశ్లేషించింది. కొలతలు లేని వాగుకు కూడా పరీవాహక ప్రాంతం ఎంత, వాలు ఎంత, వాగు పొడవు ఎంత అని చూసి వరదను అంచనా వేసే పద్ధతి అలా పుట్టింది. వానాకాలం రాత్రి గొడుగు పట్టుకుని వంతెన కాలు మీద గీసిన అంకె చదివి పుస్తకంలో రాసుకున్న గ్యాంగ్‌మన్లు కూడా ఆ పరిశోధనలో భాగస్వాములే. వాళ్ల పేర్లు ఏ నివేదికలోనూ ఉండవు.

ఈ లెక్కలో అందరూ పొరబడే మాట ఒకటుంది. రైలు వంతెనలను సాధారణంగా యాభై ఏళ్ల వరదకు, ముఖ్యమైనవాటిని నూరేళ్ల వరదకు లెక్కకట్టి కడతారు. యాభై ఏళ్ల వరద అంటే యాభై ఏళ్లకోసారి వచ్చేదని కాదు. ఏ సంవత్సరమైనా అది వచ్చే అవకాశం నూటికి రెండు వంతులని అర్థం. ఆ లెక్కన యాభై ఏళ్ల వ్యవధిలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం నూటికి 64. నూరేళ్లు నిలిచిన వంతెనకైతే 87. కట్టి వందేళ్లు దాటిన వంతెనలు మన లైన్ల మీద ఇంకా చాలా ఉన్నాయి కాబట్టి ఈ అంకెలను తేలిగ్గా తీసుకోవడానికి లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు చెరువుల దగ్గర ఉంది. సూత్రం వానను చూస్తుంది, నేల వాలును చూస్తుంది. చెరువు కట్ట బలాన్ని చూడదు. తెలంగాణలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగితే దాని కిందిదాని మీద. అప్పుడు వాగులోకి వచ్చేది వాన నీరు కాదు, నెలల తరబడి నిలవ ఉన్న నీరు ఒక్కసారిగా. ఉపమండలం సూత్రం ఎంత జాగ్రత్తగా కట్టినా ఈ ఉప్పెన దానిలో దొరకదు. వలిగొండలో జరిగింది ఇదే. రైల్వేల దగ్గర, లైనుకు ముప్పు తేగల చెరువుల జాబితా ఉంటుంది. వానాకాలానికి ముందు రాష్ట్ర నీటిపారుదల అధికారులతో కలిసి వాటిని చూసి రావాలని నియమం ఉంది. ఈ ఉమ్మడి తనిఖీ బాగా జరిగిన చోట పరిశోధన పూర్తవుతుంది, మొక్కుబడిగా జరిగిన చోట సగంలో ఆగిపోతుంది.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకు కట్ట, కంకర కొట్టుకుపోయి పట్టాలు, స్లీపర్లు గాలిలో నిచ్చెనలా వేలాడాయి. ఆ ఫొటో చూసినవారు మరచిపోరు. కాజీపేట, విజయవాడ మధ్య రాకపోకలు రోజుల పాటు నిలిచాయి. కానీ ఏ రైలూ అందులో పడలేదు. ముందుగానే రైళ్లు ఆపేశారు. సూత్రం చెప్పలేని చోట గస్తీ మనిషి కన్ను కాపాడుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. అయితే ఎగువ చెరువుల నీటిమట్టం ఎప్పటికప్పుడు కంట్రోల్ రూముకు అందే ఏర్పాటు ఉంటే ఆ కన్ను మీద భారం తగ్గుతుంది. దిగువ గోదావరి, కృష్ణా–పెన్నా సూత్రాలకు చెరువు తెగే ముప్పును జోడించే పని తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగు కాలేజీలకు చక్కగా సరిపోయే పరిశోధన.

కవచ్‌కు ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది

ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రం. రైలు అంత తక్కువ ఇంధనంతో అంత బరువు లాగగలిగేది ఆ జారుడు వల్లే, వెంటనే ఆగలేకపోయేదీ దాని వల్లే. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఎక్స్‌ప్రెస్ అత్యవసర బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరుకు అటూ ఇటూగా పడుతుంది. ఎదుటి రైలు కంటికి కనపడ్డాక బ్రేకు వేస్తే లాభం లేదు. అందుకే సిగ్నల్. ఆ సిగ్నల్‌ను పొగమంచులోనో, నిద్రమత్తులోనో, పొరపాటునో దాటితే ఏమిటన్నదే వందేళ్ల నాటి ప్రశ్న.

యూరప్‌లో దీనికి జవాబు ఉంది. మన దేశంలోనూ చెన్నై–గుమ్మిడిపూండి మధ్య, ఢిల్లీ–ఆగ్రా మధ్య ఆ పద్ధతి యంత్రాలు పెట్టారు. ఖర్చు ఎక్కువ కావడంతో కొద్ది మార్గాలకే పరిమితమైంది. మరోవైపు కొంకణ్ రైల్వేలో బి.రాజారామ్ ఆధ్వర్యంలో ఢీకొనకుండా ఆపే పరికరం, ఏసీడీ, తయారైంది. ఈశాన్య సరిహద్దు రైల్వేలో 1,736 కిలోమీటర్ల మేర పెట్టారు. ఉపగ్రహాల ద్వారా తానెక్కడున్నదో ఇంజను తెలుసుకుని, దగ్గర్లో మరో రైలు ఉంటే ఆగాలన్నది దాని సూత్రం. ఆలోచన గొప్పది. చిక్కు స్టేషన్లలో వచ్చింది. పక్కపక్క లైన్ల మధ్య దూరం నాలుగైదు మీటర్లే. ఉపగ్రహం చెప్పే స్థానంలో తేడా కూడా దాదాపు అంతే. రైలు మెయిన్ లైన్లో ఉందా, దాని నుంచి పక్కకు చీలే లూప్ లైన్లో ఉందా అన్నది యంత్రానికి గట్టిగా తెలియలేదు. పక్క లైన్లో నిలబడ్డ బండిని చూసి అనవసరంగా బ్రేకు పడితే నడిపేవాళ్లకు నమ్మకం పోతుంది. నమ్మకం పోయిన భద్రతా యంత్రాన్ని మనుషులు ఆపేస్తారు.

ఆర్‌డీఎస్‌ఓ ఈ అనుభవం నుంచి నేర్చుకుంది. 2012లో కొత్త ఏర్పాటుకు 196 నంబరుతో నిర్దేశ పత్రం రాసింది. అప్పట్లో దాన్ని టీకాస్ అనేవారు, తర్వాత కవచ్ అయింది. ఏ పట్టా మీద ఉన్నామన్న ప్రశ్నకు జవాబు ఈసారి ఆకాశం నుంచి కాక నేల మీద నుంచే తెచ్చారు. స్లీపర్ మీద అరచేతి వెడల్పున చిన్న ట్యాగు బిగించి ఉంటుంది. దానికి బ్యాటరీ ఉండదు, తీగ ఉండదు. ఇంజను కింద బిగించిన రీడర్ దాని మీదుగా వెళ్లేటప్పుడు పంపే రేడియో తరంగమే దాన్ని ఒక్క క్షణం మేల్కొల్పుతుంది. ఆ క్షణంలో అది తన నంబరు, తానున్న లైను, తన స్థానం చెప్పి మళ్లీ నిద్రపోతుంది. ట్యాగుకూ ట్యాగుకూ మధ్య దూరాన్ని చక్రం తిరిగిన లెక్కతో కొలుస్తారు. చక్రం అరిగినా జారినా వచ్చే తప్పు తర్వాతి ట్యాగు దగ్గర సరిపోతుంది. మైలురాయి చదువుకుంటూ నడిచే బాటసారి ఎలా దారి తప్పడో, ఇదీ అంతే.

ప్రతి స్టేషన్లో కవచ్ కంప్యూటరు ఒకటి ఇంటర్‌లాకింగ్‌కు, అంటే సిగ్నళ్లు, పట్టాల మళ్లింపు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండకుండా చూసే ఏర్పాటుకు, కలిపి ఉంటుంది. ఏ సిగ్నల్ ఏ రంగులో ఉంది, రైలును ఒక లైను నుంచి మరో లైనుకు మళ్లించే పాయింట్లు ఎటు తిరిగి ఉన్నాయి అన్నది అక్కడి నుంచి తీసుకుని, ఇన్ని మీటర్ల వరకు వెళ్లవచ్చు అన్న అనుమతిని టవరు ద్వారా రేడియోలో ఇంజనుకు పంపుతుంది. ఇంజనులోని కంప్యూటరు తన వేగం, దారి వాలు లెక్కవేసి ఎక్కడ బ్రేకు మొదలుపెట్టాలో క్షణక్షణం చూసుకుంటుంది. పైలట్ బ్రేకు వేస్తే అది మాట్లాడదు. వేయకపోతే ముందు హెచ్చరిస్తుంది, తర్వాత తనే వేస్తుంది. ఒకే లెక్కను ఒకటికి మించిన ప్రాసెసర్లు విడివిడిగా చేస్తాయి, జవాబులు కలవకపోతే రైలు ఆగాల్సిందే.

పరీక్షలకు దక్షిణ మధ్య రైల్వేలోని లింగంపల్లి–వికారాబాద్–వాడి, వికారాబాద్–బీదర్ మార్గాలను ఎంచుకున్నారు. దాదాపు 250 కిలోమీటర్లలో జంట లైనూ ఉంది, ఒంటి లైనూ ఉంది. 2016 ఫిబ్రవరిలో ప్రయాణికుల రైళ్ల మీద తొలి పరీక్షలు జరిగాయి. స్వతంత్ర పరిశీలకుల చేత భద్రతా నిర్ధారణ చేయించారు. 2018–19లో మూడు కంపెనీలకు సరఫరా అనుమతి వచ్చింది: మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్. మూడూ హైదరాబాద్‌వే. 2020 జూలైలో దీన్ని జాతీయ ఏర్పాటుగా స్వీకరించారు. అభివృద్ధికి అయిన మొత్తం ఖర్చు 16.88 కోట్ల రూపాయలని ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పింది. దేశంలో ఒక ఫ్లైఓవరుకు ఇంతకన్నా ఎక్కువ అవుతుంది.

2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల మధ్య ఒకే లైను మీద రెండు ఇంజన్లను నడిపారు. ఒకదానిలో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్, మరోదానిలో రైల్వే బోర్డు ఛైర్మన్. ఎదుటి ఇంజనుకు 380 మీటర్ల దూరంలో కవచ్ బండిని ఆపింది. లూప్ లైన్లోకి వెళ్తున్నప్పుడు వేగాన్ని 30 కిలోమీటర్లకు దించింది. గేటు దగ్గర తనంతట తానే కూత వేసింది. అంతా చూసింది ఆ 380 మీటర్లనే. పదేళ్ల పనిలో అది ఒక్క మధ్యాహ్నం మాత్రమే.

మరి మిగతా ఏళ్లన్నీ దేనికి? ఒకసారి ఆపగలనని చూపడానికి కాదు, ఎప్పుడూ తప్పు చేయనని రుజువు చేయడానికి. కవచ్‌కు అత్యున్నత భద్రతా స్థాయి, సిల్–4, ధ్రువీకరణ ఉంది. పదివేల ఏళ్లకు ఒక తప్పు అని అధికారులు చెప్పే మాట దీన్నుంచే వచ్చింది. ప్రమాదకరమైన వైఫల్యం గంటకు పది కోట్లలో ఒక వంతుకు మించకూడదన్నది ఆ స్థాయి పైహద్దు. పది కోట్ల గంటలంటే 11 వేల ఏళ్ల పైమాట. కానీ అది ఒక్క పరికరానికి చెప్పే లెక్క. పదివేల ఇంజన్ల మీద, వేల స్టేషన్లలో పెట్టాక అదే పైహద్దు ఏడాదికి అటూ ఇటూగా ఒకటికి దిగుతుంది. అందుకే హద్దుకు చాలా కింద ఉండాలని ఇంజనీర్లు పట్టుబడతారు. ప్రతి పొరపాటునూ తవ్వి చూడటానికి ఏళ్లు పట్టేది ఇందుకే, ఆ ఏళ్లు వృథా కావు.

ఇంకో కారణం అంతగా చర్చకు రాదు. ఒక కంపెనీ ఇంజను మరో కంపెనీ స్టేషన్ మీదుగా వెళ్తే రెండూ మాట్లాడుకోవాలి. విజయవాడలో బయలుదేరిన బండి మన్మాడ్ దాకా ఎన్ని కంపెనీల టవర్లు దాటుతుందో ఎవరు చెప్పగలరు? ఆ సంభాషణ భాషను అక్షరం అక్షరం రాసిపెట్టి, ఎవరైనా దానికి తగ్గట్టు యంత్రం చేసుకోవచ్చని తెరిచి ఉంచడం ఆర్‌డీఎస్‌ఓ చేసిన అసలు పని. యంత్రాన్ని కంపెనీలు చేశాయి. యంత్రాలు ఒకే భాష మాట్లాడేలా చేసింది ప్రభుత్వ సంస్థ. ఒక్క కంపెనీకి కట్టుబడి జీవితకాలం దాని విడిభాగాలు కొనుక్కునే బాధ దేశానికి తప్పింది.

కవచ్ ఏది కాపాడదు

2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బాహానగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రమాదం 290 మందికి పైగా ప్రాణాలు తీసింది. విశాఖ, విజయవాడల మీదుగా వెళ్లే బండి కావడంతో తెలుగు ఇళ్లలోనూ ఆ రాత్రి ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. కవచ్ ఉంటే ఆగేదని చాలామంది అన్నారు. ఆ దారిలో కవచ్ లేని మాట నిజం. కానీ విచారణలో తేలింది వేరు. గతంలో సిగ్నల్ తీగల మార్పులో జరిగిన తప్పు వల్ల సిగ్నల్ మెయిన్ లైనుకు పచ్చ చూపింది, పాయింట్లు మాత్రం లూప్ లైనుకు ఉన్నాయి. కవచ్ ఇంటర్‌లాకింగ్ చెప్పింది నమ్ముతుంది. ఇంటర్‌లాకింగే అబద్ధం చెబితే అదీ మోసపోతుంది. దానికి మందు గూమ్టీలో, అంటే పట్టాల పక్కనుండే సిగ్నల్ పరికరాల గదిలో, తీగ మార్చేటప్పుడు ప్రతి టెర్మినల్‌నూ మళ్లీ పరీక్షించే క్రమశిక్షణ, అందుకు తగినంత సమయం, తగినంతమంది సిబ్బంది.

కంటకాపల్లి అలా కాదు. ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయని స్థితిలో పాటించాల్సిన నియమాన్ని పాటించకుండా వెనక బండి ముందుకొచ్చిందని ప్రాథమిక విచారణ చెప్పింది. వేగాన్ని, ముందున్న బండి దూరాన్ని చూసే యంత్రం ఉండి ఉంటే గట్టిగా ఉపయోగపడే సందర్భం అది. ఆనాటికి కవచ్ దక్షిణ మధ్య రైల్వేలో 1,465 కిలోమీటర్ల మీదే ఉంది: వికారాబాద్ చుట్టుపక్కల లైన్లు, బీదర్–పర్భణి, మన్మాడ్ నుంచి ముద్ఖేడ్, డోన్ మీదుగా గుంతకల్ దాకా. దేశమంతా కలిపితే రైలు మార్గం 68 వేల కిలోమీటర్ల పైన.

జాప్యం ఎక్కడ జరిగిందో ఇక్కడ తెలుస్తుంది. పరీక్షలకు పట్టిన కాలాన్ని తప్పుపట్టలేం. 2020 తర్వాతి కాలాన్ని తప్పుపట్టాలి. రైల్వే భద్రతపై వేసిన అనిల్ కాకోద్కర్ కమిటీ 2012లోనే 19 వేల కిలోమీటర్ల ప్రధాన మార్గాలకు ఆధునిక సిగ్నల్ రక్షణ ఐదేళ్లలో పెట్టమని, 20 వేల కోట్లు అవుతుందని చెప్పింది. ఐదేళ్లు గడిచేసరికి పెట్టింది ప్రయోగ మార్గం మీదే. ఆర్‌డీఎస్‌ఓ కాళ్లకు అడుగడుగునా బంధాలున్నాయని, పరిశోధనకు ప్రభుత్వం కింద నేరుగా ఒక మండలి ఉండాలని కూడా ఆ కమిటీ చెప్పింది. అది ఈ వ్యవహారంలో సూటిగా తగిలే మాట. అధికారులు రైల్వే సర్వీసుల నుంచి కొన్నేళ్లకు వచ్చి, పని పట్టుబడే సమయానికి బదిలీ మీద వెళ్లిపోయే చోట పరిశోధకుడి ఓపిక పెరగదు. నిర్దేశం రాసేదీ, సరఫరాదారును ఆమోదించేదీ ఒకే ఇల్లయితే సందేహం అడిగేవాడు బయటి నుంచి రావాలి. కవచ్‌కు స్వతంత్ర పరిశీలకులు ఉండటం ఆ లోటును కొంత తీర్చింది. వంతెనల వరద లెక్కలకు కూడా అలాంటి పరిశీలకులు కావాలి.

ఖర్చు అడ్డు కాదు. కిలోమీటరుకు 50 లక్షలు, ఇంజనుకు 80 లక్షలు అని 2024లో ప్రభుత్వమే చెప్పింది. అడ్డు వేరేచోట ఉంది. స్టేషన్ స్టేషన్‌కూ ఇంటర్‌లాకింగ్ వేరు, యార్డు వేరు. ప్రతి ట్యాగు ఎక్కడ బిగించాలో నడిచి కొలవాలి. టవర్లు నిలబెట్టాలి, లైను వెంట ఫైబర్ తీగ వేయాలి. ఇదంతా రైళ్లు నడుస్తుండగానే, రెండు బండ్ల మధ్య దొరికే ఖాళీలో చేయాలి. దీనికి మనుషులు కావాలి, వాళ్లకు తర్ఫీదు కావాలి.

2024 జూలై 16న ఆర్‌డీఎస్‌ఓ కవచ్ నాలుగో కూర్పును ఆమోదించింది. పెద్ద యార్డుల్లో సిగ్నల్ సమాచారం మెరుగైంది, స్థానం కచ్చితత్వం పెరిగింది, ఒక స్టేషన్ కవచ్ పక్క స్టేషన్ కవచ్‌తో ఫైబర్ మీద నేరుగా మాట్లాడుతుంది, ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్‌కు నేరుగా కలుస్తుంది. వీటిలో చాలా మార్పులు దక్షిణ మధ్య రైల్వే లైన్ల మీద ఏళ్ల తరబడి బండ్లు నడిపిన అనుభవం నేర్పినవే. ఆ కూర్పు మొదట రాజస్థాన్‌లో సవాయి మాధోపూర్–కోటా మధ్య, 2025 జూలై నాటికి మథుర–కోటా మార్గం మొత్తం మీద పనిలోకి వచ్చింది.

సికింద్రాబాద్ తార్నాకలో సిగ్నల్ ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చే ఇరిసెట్ ఉంది. ఆర్‌డీఎస్‌ఓ పుట్టిన 1957లోనే అదీ పుట్టింది. కవచ్ ప్రత్యేక కేంద్రం ఇప్పుడు అక్కడే నడుస్తోంది. వేరే జోన్ల నుంచి వచ్చిన టెక్నీషియన్లు బల్ల మీద ట్యాగును పెట్టి రీడర్‌తో దాని నంబరు చదవడం నేర్చుకుంటారు. తిరిగి వెళ్లాక వాళ్లలో ఒక్కొక్కరు ఏదో ఒక లైను వెంట నడుస్తూ, స్లీపర్ తర్వాత స్లీపర్ లెక్కపెడుతూ, చెప్పిన చోటే ఆ ట్యాగును బిగిస్తారు. అంగుళం తేడా వచ్చినా రాసుకుంటారు.